ఊరి చరిత్ర ఊరికే చెప్పండి

అత్తిబెలె అనగానే చాలామందికి గుర్తొచ్చేది టోల్ గేటు. బెంగళూరు నుంచి హోసూరు వెళ్లేవాళ్లు అక్కడ బండి నెమ్మదించి, రోడ్డు పక్కన టపాకాయల దుకాణాల బోర్డులు చదువుతూ ముందుకు కదిలి, కాసేపట్లో తమిళనాడులో పడతారు. ఆ ఊళ్లో కాపురం ఉంటున్నవాళ్లను, అక్కడి పారిశ్రామికవాడలో పనిచేసే మనవాళ్లను కదిపి చూడండి. "ఇక్కడ చరిత్రేముందండీ, మొన్నమొన్నటి దాకా అన్నీ పొలాలే కదా" అంటారు. పొలాలున్నచోట చరిత్ర ఉండదని మొదట ఎవరన్నారో గాని, ఆ మాట మాత్రం ఊరూరా పాకింది.

ఈ అధ్యాయం ఆ మాట నమ్మనివాళ్ల కోసం. ఉద్యోగమో వ్యాపారమో చేసుకుంటూ, సెలవు దొరికితే చుట్టుపక్కల ఊళ్ల గతాన్ని వెతకాలనీ, దొరికింది నలుగురికీ చెప్పాలనీ ఉబలాటపడేవాళ్ల కోసం. చాలామంది ఈ పనిని రెండు ముక్కలు చేసుకుంటారు. ముందు పరిశోధన, అది పూర్తయ్యాక ప్రచారం. ఊరి చరిత్ర విషయంలో ఆ వరుస పనికిరాదు. మీరు పూర్తిచేసేలోపు శాసనం చెక్కిన రాయే ఉండదు. చెప్పడం మొదటిరోజే మొదలు కావాలి, అదీ ఆ రాయి పక్కన నివసించేవాళ్లతో మొదలు కావాలి.

గేటుకు అటు ఒక అలమర, ఇటు ఒక అలమర

ముందు ఆ సరిహద్దు సంగతే చూద్దాం. 1792లో శ్రీరంగపట్నం ఒప్పందంతో టిప్పు సుల్తాను సేలం, బారామహల్ ప్రాంతాలను ఈస్టిండియా కంపెనీకి వదులుకున్నాడు. హోసూరు మాత్రం మైసూరు కిందే మిగిలింది. 1799లో టిప్పు పోయాక హోసూరు కూడా కంపెనీ చేతికి వెళ్లి సేలం జిల్లాలో కలిసింది. అత్తిబెలె ఉన్న ఆనేకల్ వైపు ఒడయర్ల మైసూరుకు దక్కింది. అత్తిబెలెకూ హోసూరుకూ మధ్య గీత అప్పుడు పడ్డదే. 1956లో రాష్ట్రాలను భాషల వారీగా విడగొట్టినప్పుడు కూడా అది నిలిచిపోయింది. గీతకు అటూ ఇటూ ఇళ్లలో తెలుగు మాత్రం ఆగలేదు. మొరసునాడు అని పాతవాళ్లు పిలిచే ఈ నేల మీద ఇంట్లో తెలుగు, బడిలో కన్నడమో తమిళమో, సంతలో మూడూ. హోసూరు ప్రాంతపు కథకులు ఈ యాసను తెలుగు కథల్లోకి తెచ్చారు కాబట్టి మిగతా తెలుగువాళ్లకు దీని రుచి కొంత తెలిసింది.

చరిత్ర వెతికేవాడికి ఈ గీత ఒక చిక్కు పెట్టింది. అత్తిబెలె వైపు శాసనాలు 1905లో బి.ఎల్. రైస్ అచ్చువేయించిన 'ఎపిగ్రాఫియా కర్నాటికా' తొమ్మిదో సంపుటంలో ఉన్నాయి. అది బెంగళూరు జిల్లా సంపుటం, అందులో ఆనేకల్ తాలూకాకు వేరే భాగం, వేరే వరుస సంఖ్యలు. హోసూరు వైపు రాళ్ల సంగతి కావాలంటే మద్రాసు శాసన శాఖ వార్షిక నివేదికలూ, తర్వాత తమిళనాడు పురావస్తు శాఖ వేసిన పుస్తకాలూ చూడాలి. ఇటువాళ్లు అటు పుస్తకం తెరవడం తక్కువ, అటువాళ్లు ఇటు తెరవడం ఇంకా తక్కువ. కానీ వెయ్యేళ్ల కింద ఆవుల మందను తోలుకుపోయినవాడికి టోల్ గేటు అడ్డం రాలేదు కదా. దండు ఒక ఊళ్లో బయల్దేరింది, చావు ఇంకో ఊళ్లో జరిగింది, చచ్చినవాడి గుర్తుగా రాయి మూడో ఊళ్లో నిలిచింది. రెండు అలమరలూ తెరిస్తే తప్ప ఆ కథ కుదరదు. ఆ రెండూ తెరిచే వీలు బెంగళూరు జయనగరంలో కూర్చున్న పండితుడి కన్నా అత్తిబెలెలో అద్దెకుంటున్న మీకే ఎక్కువ.

భాష సంగతీ అంతే. రైస్ సంపుటంలో కన్నడంతోపాటు తమిళ శాసనాలూ బాగానే కనిపిస్తాయి. 11వ శతాబ్దం మొదట్లో చోళులు గంగరాజుల గంగవాడిని పట్టుకున్నాక ఈ ప్రాంతంలో తమిళం చెక్కించడం పెరిగింది. హోసూరు రోడ్డు మీదున్న మడివాళ సోమేశ్వరాలయంలో 1247 నాటి తమిళ శాసనం ఉంది. కోలారు వైపు వెళ్తే తెలుగు శాసనాలూ ఎదురవుతాయి. పాత తెలుగు, కన్నడ లిపులు చాలా శతాబ్దాలు దాదాపు ఒకటే కాబట్టి తెలుగు చదివేవాడికి కన్నడ రాయి మరీ పరాయిది కాదు. తమిళానికి మీ పక్క మెషీను మీద పనిచేసే ధర్మపురి కుర్రాడున్నాడు. పాత లిపి అతనికీ వెంటనే కొరుకుడు పడదు, అయినా మీకన్నా ముందే పడుతుంది. కన్నడానికి మీ ఇంటి ఓనరు ఉండనే ఉన్నారు. చరిత్ర శాఖలు ఏరికోరి కూర్చుకోవలసిన బృందం ఫ్యాక్టరీ క్యాంటీనులో ఒకే బల్ల దగ్గర భోంచేస్తోంది.

"నేనెవర్నండీ ఇవన్నీ చెప్పడానికి?"

ఈ ప్రశ్న దగ్గరే సగంమంది ఆగిపోతారు. అడగడం మంచిదే, కానీ దానికి జవాబు ఎప్పుడో దొరికింది. బెంగళూరులో 2017 ప్రాంతంలో పి.ఎల్. ఉదయకుమార్ అనే ఇంజనీరు, రైస్ పుస్తకంలో అచ్చయిన రాళ్లు ఇప్పుడు ఎక్కడున్నాయని వెతకడం మొదలుపెట్టారు. ఆయన చరిత్ర ఆచార్యుడు కాదు. పుస్తకం పట్టుకుని వీధి వీధీ తిరిగారు, తోడుగా ఆసక్తి ఉన్నవాళ్లు చేరారు. చాలాచోట్ల రాయి లేదు. ఉన్నచోట చెత్తకుప్పలోనో, మురుగుకాలువ పక్కనో, కొత్తగా కట్టిన ఇంటి గోడకు ఆనుకునో ఉంది. ఆ తిరుగుడే 2021లో మిథిక్ సొసైటీ చేపట్టిన బెంగళూరు శాసనాల త్రీడీ స్కానింగ్ పనికి దారితీసింది. మిథిక్ సొసైటీ 1909లో పుట్టిన సంస్థ, నృపతుంగ రోడ్డులో ఉంది. వందేళ్లు దాటిన ఆ సంస్థను మళ్లీ వీధుల్లోకి నడిపించింది సెలవురోజు ఔత్సాహికులే.

మనవాళ్లకూ ఈ పని కొత్త కాదు. 1799 తర్వాత కంపెనీ అధికారి కాలిన్ మెకంజీ మైసూరు సర్వేకు దిగినప్పుడు ఆయన కోసం ఊళ్ల కరణాలనూ పూజారులనూ కదిలించి, కైఫీయత్తులు, అంటే ఊళ్ల వృత్తాంతాలు, రాయించి, శాసనాలకు నకళ్లు తీయించినవాళ్లలో ముఖ్యులు ఏలూరుకు చెందిన కావలి సోదరులు: బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి. బొర్రయ్య 1803లో చిన్నవయసులోనే పోయాడు. 1821లో మెకంజీ కూడా పోయాక, మిగిలిన పని తాను నడిపిస్తానని లక్ష్మయ్య అడిగితే, ఇంత పని ఒక భారతీయుడి చేతిలో పెట్టలేమని కలకత్తా ఆసియాటిక్ సొసైటీ పెద్దలు తేల్చేశారు. ఊళ్లు తిరిగింది ఆయన, భాషలు తెలిసింది ఆయనకు, అర్హత మాత్రం లేదట! ఆ అవమానం చదివినప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. అదే సమయంలో ఒక ధైర్యమూ వస్తుంది. ఆ కైఫీయత్తులు లేకపోతే రాయలసీమ పల్లెల చరిత్రలో సగం మనకు తెలిసేది కాదు. హైదరాబాదు రాజ్యంలో ఆదిరాజు వీరభద్రరావు వంటివారు లక్ష్మణరాయ పరిశోధక మండలి తరఫున శాసనాలు సేకరించి 1935లో 'తెలంగాణా శాసనములు' తెచ్చారు. ఇవాళ శ్రీరామోజు హరగోపాల్, కొత్త తెలంగాణ చరిత్ర బృందంవాళ్లు గుట్టలూ చెరువుగట్లూ తిరుగుతున్నారు. కాబట్టి "నేనెవర్ని?" అని మథనపడేవాళ్లు ఈ వరుస చివర నిలబడితే చాలు.

ఎక్కడ మొదలుపెట్టాలి

పెద్ద ప్రణాళికలు వేయకండి. "కర్ణాటక చరిత్ర" అనుకున్నవాడు మూడో వారానికి చల్లబడతాడు. పొద్దున టూ వీలర్ మీద బయల్దేరి మధ్యాహ్నం భోజనానికి ఇంటికి చేరగలిగినంత మేర గీసుకోండి. అత్తిబెలె నుంచి అయితే సర్జాపుర, హుస్కూరు, చందాపుర, ఆనేకల్. చాలదూ!

పాత సంపుటాలు ఇప్పుడు ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతున్నాయి. మీ మేరలోని ఊళ్లపేర్లు తీసి చూడండి. ప్రతి శాసనానికీ పైన రాయి ఎక్కడుందో ఒక ముక్క రాసి ఉంటుంది. ఫలానా గుడికి తూర్పున, చెరువు తూము దగ్గర, ఫలానావాడి పొలంలో అని. ఆ ముక్కే మీకు తాళంచెవి. పొలం యజమాని పేరు ఉంటే మరీ మంచిది. ఆయన ఎప్పుడో కాలం చేసి ఉంటారు గానీ మనవడో మునిమనవడో ఉంటాడు, ఆ పేరు చెప్పగానే ముఖంలో వెలుగొస్తుంది. "మా తాత పేరు పుస్తకంలో ఉందా!" అన్నాక ఆయన మిమ్మల్ని ఊరికే పంపడు, కాఫీ ఇస్తాడు, పొలం చూపిస్తాడు. ఊరిపేరు పుస్తకంలో ఉండి మ్యాపులో లేకపోతే రెవెన్యూ లెక్కల్లో బేచిరాక్ గ్రామాల జాబితా చూడండి. జనం ఖాళీ చేసిన ఊళ్లు అక్కడ పేరుతో సహా బతికే ఉంటాయి.

తొందరపడవలసిన కారణం కూడా కళ్లెదుటే ఉంది. శాటిలైట్ టౌన్ రింగ్ రోడ్డు సర్జాపుర, అత్తిబెలె, ఆనేకల్ మీదుగానే వెళ్తోంది. రోడ్డు వెంట లేఅవుట్లు వస్తాయి, వాటి వెంట జేసీబీలు. జేసీబీ నడిపేవాడికి నిలువురాయి అడ్డమే తప్ప అక్షరం కనిపించదు. అతన్ని తిట్టి లాభం లేదు, ఎవరూ అతనికి చెప్పలేదు.

రాయి ముందు

ఈ నేలలో మీకు ఎక్కువగా తగిలేవి వీరగల్లులు. పోరులో చచ్చినవాడి జ్ఞాపకంగా నిలిపిన రాళ్లు. కింది నుంచి పైకి చదవాలి. అడుగు పలకలో పోరు ఉంటుంది: కత్తో బాణమో పట్టినవాడు, ఎదుట శత్రువు, ఒక్కోసారి పక్కన ఆవులు. ఆవులుంటే మందను తోలుకుపోతుంటే అడ్డుపడి చచ్చాడని దాదాపుగా అనుకోవచ్చు. పులో పందో ఉంటే వేటలో పోయినవాడు. నడిమి పలకలో అప్సరసలు అతన్ని రెండువైపులా పట్టుకుని పైకి తీసుకుపోతుంటారు. పై పలకలో అతను దేవుడి సన్నిధిలో, చాలాసార్లు లింగం ముందు, కూర్చుని ఉంటాడు. అక్షరాలుంటే పలకల మధ్య పట్టీల మీద ఉంటాయి. అక్షరం ఒక్కటీ లేని వీరగల్లులు ఎన్నో. వాటిని వదిలేయకండి, బొమ్మే అక్కడి కథ.

దానశాసనాలు వేరే రకం. పైన సూర్యచంద్రులు, అవి ఉన్నంతకాలం ఈ దానం చెల్లాలని. అడుగున దానాన్ని చెరిపినవాడికి శాపం, గంగ ఒడ్డున కపిలగోవును చంపిన పాపం తగులుతుందని. తొమ్మిదివందల ఏళ్ల తర్వాత ఆ శాపపు రాయినే బట్టలుతికే బండగా వేసుకున్న ఇళ్లున్నాయి. పాపం మాట అటుంచి, రోజూ సబ్బు రుద్దుడుకు అక్షరాలు మాత్రం అరిగిపోతాయి.

మిట్టమధ్యాహ్నం వెళ్లకండి. ఎండ నిట్టనిలువుగా పడితే ఎంత లోతైన అక్షరమైనా కనిపించదు. పొద్దున ఎండెక్కే లోపో, సాయంత్రం పొద్దు వాలేటప్పుడో వెలుగు ఏటవాలుగా పడుతుంది, అప్పుడు చెక్కుడు గాట్లలో నీడ నిలిచి అక్షరం లేస్తుంది. కుదరకపోతే చీకటిపడ్డాక టార్చి పక్కనుంచి పట్టించి, ఎడమ నుంచి ఒకటి, కుడి నుంచి ఒకటి, పైనుంచి ఒకటి ఫోటో తీయండి. ఒకే అక్షరం మూడు ఫోటోల్లో మూడు రకాలుగా కనిపిస్తుంది, మూడూ కలిపి చూస్తే అసలుది తేలుతుంది. రాయి చుట్టూ తిరుగుతూ ఒక ఫోటోలో సగానికిపైగా తర్వాతి ఫోటోలోనూ వచ్చేలా వరసగా తీసుకుంటే, వాటిని కలిపి త్రీడీ నమూనా చేసే సాఫ్ట్‌వేర్లు ఉచితంగానే దొరుకుతున్నాయి.

మెత్తటి కుంచె, మంచినీళ్లు, ఓపిక. అంతకుమించి ఏదీ రాయికి తగలకూడదు. ఇనుప బ్రష్షు వద్దు, యాసిడ్ వద్దు, నూనె వద్దు. సుద్దముక్కతో అక్షరాలు దిద్దడం అన్నిటికన్నా చెడ్డ అలవాటు. అలా దిద్దితే రాయి మీద ఉన్నది పోయి, ఉందని మీరనుకున్నదే ఫోటోలో పడుతుంది. తర్వాత వచ్చే చదువరి మీ పొరపాటునే చదువుతాడు. కాగితం తడిపి, రాయికి అద్ది, సిరా పూసి అచ్చు తీసే పద్ధతి శాసన శాఖలవాళ్లు వాడేదే, కానీ చేయి తిరిగినవాడి పక్కన కూర్చుని నేర్చుకోకుండా చేయకండి.

ఎత్తు, వెడల్పు, మందం, రాయి ముఖం ఏ దిక్కుకుందో, ఫోన్‌లో కనిపించే అక్షాంశ రేఖాంశాలు, తేదీ, ఎవరు చూపించారు. ఇవి అక్కడే నిలబడి రాసుకోండి. ఇంటికెళ్లి రాద్దామనుకుంటే బండి స్టాండు తీసేలోపే సగం మర్చిపోతారు.

శకసంవత్సరం దొరికితే 78 కలపండి, క్రీస్తుశకం వస్తుంది, నెలను బట్టి 79 కావచ్చు. పక్కన ప్రభవాది పేరు కూడా ఉంటే లెక్క సరిచూసుకునే వీలుంది. శకానికి 12 కలిపి 60తో భాగించండి, మిగిలిన సంఖ్య ఆ ఏటి వరుస. శకం 1946 తీసుకోండి. 12 కలిపితే 1958, 60తో భాగిస్తే మిగిలేది 38, ప్రభవ నుంచి 38వది క్రోధి. 2024 ఉగాదికి మనం విన్న పేరు అదే. రాయి మీద పేరుకూ లెక్కకూ ఒక ఏడాది తేడా వస్తే కంగారుపడకండి, గడిచిన ఏడు చెప్పడం, నడుస్తున్న ఏడు చెప్పడం రెండూ వాడుకలో ఉన్నవే. అంతకన్నా ఎక్కువ తేడా వస్తే మీరు అంకె తప్పు చదివి ఉండవచ్చు, లేదా రాయే తర్వాతి కాలంలో పుట్టించింది కావచ్చు.

అవ్వతో మాట్లాడటం

మీరు రాయి ముందు గొంతుకూర్చుని ఉండగా వెనకనుంచి ఎవరో ఒకరు తప్పకుండా పలకరిస్తారు. ఒక సంభాషణ ఇలా సాగుతుందనుకోండి.

"ఏం చూస్తా ఉండావు నాయనా?"

"ఈ రాయి ఎన్నాళ్లనుంచి ఉందవ్వా ఇక్కడ?"

"నేను కోడలుగా వచ్చినప్పుడే ఉండాది. మాయత్త ప్రతి సోమవారం దీపం పెడతా ఉండె."

"ఎవరవ్వా ఈయన?"

"వీరన్న. ఆవుల కోసరం సచ్చిపోయినోడంట. మా ఆవు ఈనితే మొదటిపాలు ఈయనకే."

అక్కడ ఆగండి. ఆమెకు అక్షరం రాదు, రైస్ పేరు వినలేదు, కానీ రాయి అడుగు పలకలో ఉన్న సంగతి ఆమె నోట్లో ఉంది, మొదటిపాల ఆనవాయితీలో ఉంది. ఇది మీ నోటు పుస్తకంలో శాసన పాఠంతో సమానంగా ఎక్కాలి. ఆమె మాట ఆమె యాసలోనే రాయండి, మీ పత్రికల తెలుగులోకి మార్చకండి. రికార్డు చేస్తుంటే ముందే అడగండి. "అవ్వా, నీ మాట ఫోన్‌లో పట్టుకుంటాను, మా పిల్లలకు వినిపిస్తాను" అంటే కాదనేవాళ్లు తక్కువ. కాదంటే ఫోన్ జేబులో పెట్టేయండి.

ఇంకో ప్రశ్న కూడా వస్తుంది, ఎక్కువగా కుర్రాళ్ల నుంచి: "సార్, కింద బంగారం ఉందా?" నవ్వి ఊరుకోకండి. గుప్తనిధుల పిచ్చితో పగిలిన రాళ్లు ఎండకూ వానకూ అరిగిన రాళ్లకు తీసిపోవు. కూర్చోబెట్టి చదివి వినిపించండి. "ఇదిగో, ఇక్కడ ఫలానా ఊళ్లో ఇంత భూమి గుడికి ఇచ్చారని ఉంది. నిధి మాట ఎక్కడా లేదు." చదవడం రానిదే భయమో ఆశో పుట్టిస్తుంది. అర్థం తెలిశాక అది పక్కింటి దస్తావేజులా కనిపిస్తుంది, ఎవరూ దాని కింద తవ్వరు. మీ వంతుగా కూడా ఒక నియమం: కుండపెంకు ముక్కైనా ఇంటికి తేకండి. భూమిలో దొరికిన నిధి సంగతి అధికారులకు తెలపాలని చట్టం ఉంది. వందేళ్లు దాటిన వస్తువుల మీద 1972 నాటి పురావస్తువుల చట్టం ఉంది.

చరిత్రంటే వెయ్యేళ్ల నాటిదే కానక్కర్లేదు. హుస్కూరు మద్దూరమ్మ జాతరకు చుట్టుపక్కల ఊళ్లనుంచి ఆకాశాన్నంటే తేర్లు కదలివస్తాయి. ఏ ఊరి తేరుకు మోకులు ఎవరు కడతారు, ఏ ఇంటివాళ్లకు ఏ హక్కు, ఎప్పటినుంచి ట్రాక్టర్లు వచ్చాయి, ఇవి ఏ సంపుటంలోనూ లేవు. 2023 అక్టోబరు 7న అత్తిబెలెలో టపాకాయల దుకాణం అంటుకుని పద్నాలుగు మందికి పైగా చనిపోయారు. వాళ్లలో చాలామంది పండగ పనికని తమిళనాడు పల్లెల నుంచి వచ్చిన కుర్రాళ్లు. ఆ కుర్రాళ్లను చూసినవాళ్లు, ఆ సాయంత్రం నీళ్లు మోసినవాళ్లు ఇప్పుడు ఊళ్లోనే ఉన్నారు. ముప్పై ఏళ్ల తర్వాత వెతుక్కోవడం కన్నా ఇప్పుడు అడిగి రాసుకోవడం సులువు.

కథ తప్పని తేలినప్పుడు

బెంగళూరు పేరు గురించి మీరు విన్న కథే చూడండి. వేటలో దారి తప్పిన హొయ్సళ వీరబల్లాళుడికి ఒక ముసలమ్మ ఉడికిన చిక్కుళ్లు, కన్నడంలో బెంద కాళు, పెట్టిందని, ఊరికి ఆ పేరొచ్చిందని. అత్తిబెలె నుంచి నగరంలోకి వెళ్తుంటే కాస్త పక్కగా బేగూరు వస్తుంది. అక్కడి నాగేశ్వరాలయంలో సుమారు 890 నాటి రాయి మీద బెంగళూరు కాళగంలో, అంటే పోరులో, ఒకతను చనిపోయాడని ఉంది. రెండో వీరబల్లాళుడు రాజ్యానికొచ్చింది 1173లో. రాజు పుట్టకముందే ఊరికి పేరుంది.

ఇది తెలియగానే కొందరికి ఒక ఉత్సాహం వస్తుంది, కథ చెప్పినవాణ్ని నలుగురిలో దులిపేయాలని. చేయకండి. ఊరి పెద్దాయన చెప్పిన కథ కాలానికి నిలవకపోయినా, ఆ కథ ఎందుకు పుట్టింది, ఎవరు చెబుతున్నారు అన్నదీ చరిత్రే. "మీరు చెప్పింది రాసుకున్నానయ్యా, రాయి మీద ఇంకోటుంది, అదీ వినండి" అంటే ఆయన వింటాడు. "మీది తప్పు" అంటే రేపటి నుంచి మీకు ఏ కథా చెప్పడు, వేరే రాయి జాడ తెలిసినా చూపించడు. ఊరుకోకూడని సందర్భం మాత్రం ఒకటుంది: ఒక కులం పేరో మతం పేరో నిలబెట్టడానికి శాసనాన్ని వంకరగా చదివేవాళ్లు ఎదురైనప్పుడు. అక్కడ మొహమాటం పనికిరాదు. ఫోటో, పాఠం, అనువాదం పక్కపక్కన పెట్టి, అందరూ చూసేలా చెప్పాల్సిందే.

ఎవరికి ముందు చెప్పాలి

రాయి ఎవరి వాకిట్లో ఉందో వాళ్లకు. తర్వాత గుడి పూజారికీ, ఊరి బడి మాష్టారికీ, పంచాయతీకీ. ఆ తర్వాతే మిగతా లోకానికి. ఈ వరుస మారితే నష్టం రాయికే. పత్రికలో చదివి బయటివాళ్లు కార్లలో దిగేసరికి, ఇంటివాళ్లకు తమ స్థలం ప్రభుత్వం లాక్కుంటుందేమోనని గుబులు పుడుతుంది. తెల్లారేసరికి రాయి ఉండదు. ముందే చెప్పి, "దీనివల్ల మీ పట్టాకు ఏ ఇబ్బందీ లేదు, పక్కన నాలుగు ఇటుకలు పెట్టి నేలకు తగలకుండా నిలిపితే చాలు" అని భరోసా ఇస్తే చాలావరకు నిలుస్తుంది. ఎక్కడ నిజంగా ఇబ్బంది ఉండే అవకాశముందో అక్కడ అబద్ధపు భరోసా ఇవ్వకండి, పురావస్తు శాఖవాళ్లతో మాట్లాడి చెబుతాననండి.

చెప్పిన మాట రాయిని ఎలా కాపాడుతుందో బెంగళూరు హెబ్బాళలో చూశాం. 2018లో అక్కడి వీధి పనుల మధ్య ఒక రాయి బయటపడింది. అది గంగరాజు శ్రీపురుషుడి కాలం నాటిది, సుమారు 750. కిట్టయ్య అనేవాడు రాష్ట్రకూటుల దాడిని ఎదిరించి ప్రాణం విడిచాడని ఉంది. నగరంలో దొరికిన రాతల్లో అంత పాతది మరొకటి అప్పటికి తెలియదు. అది శిథిలాల లారీలో వెళ్లిపోకుండా ఆగిందంటే, రాళ్ల మీద రాతలుంటాయని, ఫలానావాళ్లు వాటిని వెతుకుతున్నారని అప్పటికే నగరంలో మాట పాకి ఉండబట్టే. ఏళ్ల తరబడి చెప్పుకుంటూ వచ్చిన మాట ఒకరోజు ఒక జేసీబీని ఆపింది.

ఊరికి ఇచ్చే కాగితం ఒక్క పేజీ దాటకూడదు. రాయి ఫోటో, మీద ఏముందో నాలుగు వాక్యాలు, కాలం. అత్తిబెలె చుట్టుపక్కలైతే కన్నడంలోనూ తెలుగులోనూ. లామినేషన్ చేయించి బడిలో ఒకటి, గుడిలో ఒకటి. పాఠం విడదీసినవారి పేరు తప్పకుండా రాయండి. 1905లోనే అచ్చయిన శాసనాన్ని "కొత్తగా వెలుగులోకి" అని విలేకరి రాయబోతే మీరే ఆపండి. ఈ రంగంలో పాకిన జబ్బు అదే, ఒకే రాయి నాలుగేళ్లకోసారి కొత్తగా బయటపడుతుంటుంది. మీకు రాయి చూపించిన పశువుల కాపరి పేరు, ఆయన ఒప్పుకుంటే, మీ పేరుకన్నా ముందుండాలి. ఒక్క విషయం మాత్రం అందరికీ చెప్పకండి: లోహ విగ్రహాలు, తాళపత్రాలు, పాత నాణేలు ఏ ఇంట్లో ఉన్నాయో. దొంగలు కూడా చదువుతారు.

ఇక చివరిగా, పుస్తకం పట్టుకుని వెళ్లాక రాయి లేని రోజు వస్తుంది. ఒకటి కాదు, చాలా వస్తాయి. పొలం ప్లాట్లయింది, తూము కాంక్రీటైంది, మనవడికి ఏమీ గుర్తులేదు. అప్పుడు కూడా నోటు పుస్తకంలో ఒక పేజీ తెరిచి సంపుటం నంబరు, ఊరు, వెళ్లిన తేదీ, అడిగినవాళ్ల వయసులు, ఎవరు ఎప్పటిదాకా చూశామన్నారో రాయండి. ఎదురుగా "లేదు" అని రాయండి. తర్వాత ఆ సంపుటంలోని పాఠాన్నీ అర్థాన్నీ ఒక పేజీలో దించి, అదే ఊరి బడికి ఇచ్చి రండి. ఆ ఊళ్లో ఏ అరుగు కిందో, ఏ కాలువ మీది పలకగానో అది బోర్లా పడి ఉంటే, కాగితం చదివిన పిల్లల్లో ఎవరో ఒకరు తిరగేసి చూస్తారు.